కేటలాగ్‌లో ఉన్న సంవత్సరాన్ని థీసిస్‌లో అలాగే ఇవ్వొచ్చా?

ప్రశ్న (విజయనగరం): గురజాడ నాటకం మీద పీహెచ్‌డీ చేస్తున్నానండి. పుస్తకాల వివరాలు ఆన్‌లైన్ కేటలాగుల నుంచి నేరుగా జొటేరోలోకి (రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్) దించుకుంటున్నాను. ఒకే పుస్తకానికి ఒక్కోచోట ఒక్కో సంవత్సరం కనిపిస్తోంది. ఏది ఇవ్వాలి?

జవాబు (కేటలాగింగ్ పని చేసేవారు): పుస్తకం ఏ బీరువాలో ఉందో చెప్పడానికే కేటలాగ్. థీసిస్‌కి ఆధారం మీరు చదివిన ప్రతిలోని టైటిల్ పేజీ, దాని వెనక పేజీ. రెండూ ఫోన్‌లో ఫొటో తీసుకోండమ్మా. పాత తెలుగు పుస్తకాల్లో అచ్చు వివరాలు ఒక్కోసారి ఆఖరి పేజీలోనో వెనక అట్టమీదో ఉంటాయి, అవీ తీయండి.

మీ విషయంలో ఇది మరీ ముఖ్యం. 'కన్యాశుల్కం' మొదటి కూర్పు 1897, రెండోది 1909. రెండోదాన్ని గురజాడ బాగా పెంచి తిరగరాశారు. 1909 పాఠంలోని సంభాషణ ఎత్తి రాసి కింద 1897 అని వేస్తే, పరీక్షకులు ఆ పాత పుస్తకం తీసి చూసినప్పుడు ఆ మాటే దొరక్కపోవచ్చు. పైగా మన ప్రచురణకర్తలు 'ద్వితీయ ముద్రణ' అన్నది మార్చి వేసినదానికీ వాడతారు, ఉన్నదున్నట్టు మళ్లీ అచ్చేసినదానికీ వాడతారు. పీఠిక, పేజీల సంఖ్య పోల్చితేగానీ తేలదు.

కేటలాగ్ రికార్డును మార్క్ (MARC, వివరాలను నంబర్ల గడుల్లో పెట్టే కేటలాగ్ పద్ధతి) రూపంలో తెరిచి 250 (కూర్పు), 260 లేదా 264 (ఊరు, ప్రచురణకర్త, ఏడాది) గడులు చూడండి. [1952] అంటే ఆ ఏడాది పుస్తకంలో లేదు, కేటలాగర్ వేరేచోట చూసి వేశారు. [1952?] అంటే అంచనా. [195-] అంటే దశకం వరకే తెలుసు. ఎక్సెల్‌లోకి ఎక్కించేటప్పుడు బ్రాకెట్, ప్రశ్నార్థకం రాలిపోతే అంచనా కాస్తా నిజమై కూర్చుంటుంది. తెలుగు సంవత్సరం పేరుతోనూ తంటానే: పుస్తకం మీద 'సౌమ్య' అని మాత్రమే ఉంటే అది 1909 కావచ్చు, 1969 కావచ్చు. అరవై ఏళ్ల తేడా! కాగితం, ప్రెస్సు పేరు, ధర చూసి నిర్ణయించాలి.

జవాబు (శ్రీకాకుళం): పేర్లు కూడా చూసుకోండి. కేటలాగ్‌లో 'అప్పారావు, గురజాడ' అని ఉంటే జొటేరో అప్పారావును ఇంటిపేరు చేసేస్తుంది. ఇంటిపేరు గడిలో గురజాడ అని మీరే దిద్దాలి. టైటిల్ పేజీలో 'చికాకోల్' అని ఉంటే అలాగే రాసి, పక్కన బ్రాకెట్లో శ్రీకాకుళం అనండి. 1960ల పుస్తకానికి 'విజయనగరం జిల్లా' అని కనిపిస్తే అది తర్వాత చేర్చిన మాట, ఆ జిల్లా ఏర్పడింది 1979లో.

ప్రశ్న: పుస్తకం వేరే రాష్ట్రంలో ఉంటే? రెండు కేటలాగుల్లో ఒకే ఏడాది ఉంటే నమ్మొచ్చా మేష్టారూ?

జవాబు: ఒకరి రికార్డు ఇంకొకరు కాపీ చేసుకోవడం మామూలే. రెండింటిలోనూ ఒకే అక్షరదోషం ఉందంటే అవి రెండు సాక్ష్యాలు కావు, ఒకటే. అక్కడి లైబ్రేరియన్‌కి యాక్సెషన్ నంబరు (ఆ ప్రతికి లైబ్రరీ వేసుకున్న సంఖ్య) ఇచ్చి, టైటిల్ పేజీ, వెనక పేజీ ఫొటోలు అడగండి. అవీ రాకపోతే బ్రాకెట్ తీయకుండా ఇచ్చి, 'కేటలాగ్ ఆధారంగా' అని ఫుట్‌నోట్‌లో రాయండి.

కథలు కూడా వాడుతుంటే, సంకలనం ఏడాది వేరు, పత్రికలో తొలిసారి అచ్చయిన ఏడాది వేరు. శ్రీకాకుళంలోని తెలుగు కథల గ్రంథాలయం కథానిలయంలో వివరం దొరికితే అక్కడితో ఆగక, ఆ పత్రిక సంచిక తీయించుకుని తేదీ, పేజీ మీ కళ్లతో చూసి రాసుకోండి.