అప్‌డేట్: ఆట మధ్యలో కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతున్న సమస్య తీరింది

కౌంటర్‌స్ట్రైక్ 2 ఆడుతుండగా, ముఖ్యంగా పొగ, పేలుళ్లు తెర నిండా కమ్ముకున్నప్పుడు, నా కంప్యూటర్ లోపాన్ని తెలిపే నీలితెర కూడా చూపకుండా ఠక్కున ఆగి మళ్లీ మొదలవుతోందని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఎస్‌ఎంపీఎస్‌ను (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టెను) అనుమానించమన్న వారి మాటే నిజమైంది.

మరమ్మతు చేసే ఆయన క్యాబినెట్ తెరిచి, గ్రాఫిక్స్ కార్డుకు కరెంటు అందించే 8 పిన్నుల కనెక్టర్‌ను ఊడదీసి చూపించారు. ఒక మూలన పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, దగ్గరగా పెట్టుకుంటే మాడిన వాసన వస్తోంది. ఆట బరువెక్కినప్పుడు కార్డు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుందని, వదులైన ఆ పిన్నులతో పాతబడిన ఎస్‌ఎంపీఎస్ దానిని తట్టుకోలేక సరఫరా ఆపేస్తోందని వివరించారు. కార్డు వైపు సాకెట్ అదృష్టవశాత్తూ చెడలేదు కాబట్టి, కొత్త ఎస్‌ఎంపీఎస్ ఒక్కటి వేయిస్తే సరిపోయింది.

విండోస్ తన ఘటనలను నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించిన కెర్నల్-పవర్ 41 అనే నమోదు గురించి చాలా చర్చ జరిగింది గానీ, కంప్యూటర్ సక్రమంగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని చెప్పడమే తప్ప అది కారణం చెప్పదు. డ్రైవర్ మార్చడం, విండోస్ మళ్లీ ఎక్కించడం, మెమ్‌టెస్ట్86తో ర్యామ్‌ను పరీక్షించడం దీనికి సంబంధం లేనివని తేలింది. ఆటలో పింగ్ (గేమ్ సర్వర్‌కు సమాచారం వెళ్లి రావడానికి పట్టే సమయం) పెరగడం వేరే గొడవ. వైఫై మాని రౌటర్‌కు కేబుల్ కలిపాక అదీ తగ్గింది.