కారు రంగు మార్చాక బీమా ప్రీమియం ఎందుకు పెరిగింది?

తెల్ల కారుకు మ్యాట్ నలుపు ర్యాప్ (పెయింట్‌పై అతికించే ఫిల్మ్) వేయించి బీమా కంపెనీకి తెలిపాక రెన్యూవల్ కోట్ పెరిగింది. వేరియంట్, ఇంజన్, చిరునామా, డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో మనమే భరించే మొత్తం), యాడ్ఆన్‌లు ఏవీ మారలేదు. క్లెయిమూ లేదు. కోట్ ఫారంలో రంగు అడగనే అడగరు కాబట్టి, ఎరుపు కారుకు ప్రీమియం ఎక్కువన్న మాట నేను నమ్మను.

పాత పాలసీతో పోల్చి చూస్తే థర్డ్ పార్టీ (ఇతరులకు జరిగే నష్టం) భాగం అలాగే ఉంది, సొంత డ్యామేజీ భాగమే పెరిగింది. కస్టమర్ కేర్‌ను అడిగితే ‘సిస్టమ్ లెక్క’ అంటున్నారు, అంతే. ర్యాప్‌ను రంగుగా కాక మాడిఫికేషన్‌గా లెక్కేశారని నా అనుమానం: గీత పడితే మ్యాట్ ఫిల్మ్‌ను పాలిష్ చేయలేం, ఆ ప్యానెల్ మొత్తానికి కొత్తది వేయాలి.

ర్యాప్ విలువను కవర్ నుంచి తీసేసి రంగు మార్పును మాత్రమే నమోదు చేయిస్తే ప్రీమియం తగ్గుతుందా?