ఆటల్లో ‘ఫార్మింగ్’ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: ఫాంటసీ గేముల్లో ఒకే రాక్షసుణ్ణి పదేపదే చంపి బంగారం పోగేయడాన్ని ‘ఫార్మింగ్’ అంటారు కదండీ. గేముల మీద వ్యాసం రాస్తున్నాను. ‘సాగు’ అనేయొచ్చా?

జవాబు: వద్దండి. చాలా ఆటల్లో అసలు సాగు కూడా ఉంటుంది, చదివేవాళ్లు తికమకపడతారు. స్టార్‌డ్యూ వ్యాలీలో పార్స్‌నిప్ విత్తనం 20 నాణేలకు కొని రోజూ నీళ్లు పోస్తే 4 రోజుల్లో దుంప చేతికొస్తుంది. మామూలు రకం 35కి పోతుంది. పది అమ్మినా వెయ్యి అమ్మినా అదే ధర. ‘గిట్టుబాటు ధర’ అన్న మాటకు ఆ లోకంలో పనే లేదు! మైన్‌క్రాఫ్ట్ కొంచెం నయం. అక్కడి రైతు గోధుమలు కొని పచ్చలు ఇస్తాడు, కొన్ని విడతలు అమ్మగానే బేరం ఆపేస్తాడు. తన ఎరువు తొట్టి దగ్గరికి వెళ్లి పని చేసుకున్నాకే మళ్లీ కొంటాడు.

రాక్షసుడి నుంచి రాలే బంగారం సంగతి వేరు. దాన్ని ఎవరూ పండించలేదు, ఎవరి సంచిలోంచీ రాలేదు. ఆట అప్పటికప్పుడు పుట్టించింది. అందరూ రాత్రింబవళ్లు అదే పని చేస్తే డబ్బు పెరుగుతుంది, సరుకు పెరగదు, మంచి కత్తి ధర కొండెక్కుతుంది. డబ్బు పుట్టే దారిని డిజైనర్లు ‘ఫాసెట్’ అనీ, మాయమయ్యే దారిని ‘సింక్’ అనీ అంటారు. నేనైతే ఊట, ఇంకుడు అంటాను. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలోని వేలంశాలలో సరుకు అమ్ముడైతే 5 శాతం కోత పడుతుంది. మిగతా 95 శాతం చేతులు మారుతుందంతే. ఆ 5 మాత్రం ఎవరికీ చెందకుండా ఇంకిపోతుంది. కవచం మరమ్మతు ఖర్చూ అలాంటిదే.

ఫార్మింగ్‌కి నా ఓటు ‘పిండుకోవడం’. “ఆ గుహలో బంగారం పిండుకుంటున్నాడు” అంటే ఆడేవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది.

మరొకరు: ‘వ్యవసాయం’ అంటే సంస్కృతంలో పూనిక, పట్టుదల. పట్టు వదలకుండా చేసే పనే కదా ఇదీ?

జవాబు: ఆ అర్థం ఉంది, కాదనను. కానీ తెలుగులో ఆ మాట ఎప్పుడో పొలంలో స్థిరపడిపోయింది, ఇప్పుడు వెనక్కి లాగలేం. మూలాల్లోకే వెళ్తే ఇంగ్లీషు ‘ఫార్మ్’ కూడా మొదట పొలం కాదు, ఏటా ఇంతని కట్టే స్థిరమైన మొత్తం. అంటే మన గుత్త. ఈ మాట ఆటల్లో ఇంకోచోట చక్కగా అతుకుతుంది. పెద్ద గిల్డు (ఆటగాళ్ల జట్టు) ఒకటి అరుదైన వస్తువు రాలే చోట కాపు కాసి వేరేవాళ్లని రానివ్వకపోతే, ఆ చోటుని గుత్తకు పట్టిందనండి. ఆ వస్తువుకి ఇక వాళ్లు చెప్పిందే ధర.

ప్రశ్న వేసినవారు: బాగుంది. కానీ ‘పిండుకోవడం’లో కాస్త తిట్టు వినిపిస్తోందండీ.

జవాబు: నిజమేనండి. ఆటలో బంగారాన్ని బయట అసలు డబ్బుకి అమ్ముకునేవాళ్లకి ‘పిండుకోవడం’ ఉంచేసి, మామూలుగా ఆడేవాళ్లకి ‘కూడబెట్టడం’ వాడండి.