గ్వాష్ అంటే పోస్టర్ కలరేనా? అసలెలా పలకాలి?

కృష్ణలంక_అమ్మ: మా పాప ఎనిమిదో తరగతి. పోటీ ఫామ్‌లో పెన్సిల్, గౌచే, యాక్రిలిక్, ఆయిల్ అని నాలుగు గడులున్నాయి. ఇంట్లో సీసాల్లో పోస్టర్ రంగులున్నాయి. అవి గౌచే కిందకి వస్తాయా? ట్యూబులు కొనాలా? తెలుగులో ఏమంటారు?

బ్రాడీపేట_బ్రష్: గౌచే కాదండీ, గ్వాష్. ఫ్రెంచి మాట. ఇటాలియన్ గ్వాత్సో నుంచి వచ్చింది, నీటి మడుగు, బురద అనే అర్థంలో. వాటర్ కలర్‌తో పోలిస్తే రంగుపొడి ఎక్కువ, జిగురు మాత్రం అదే, తుమ్మ జాతి చెట్టుది. కాగితం కనపడకుండా కప్పేస్తుంది, అదే తేడా.

డ్రాయింగ్_మాస్టారు: 22 ఏళ్లుగా పిల్లల్ని డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకి తయారుచేస్తున్నాను. గ్వాషూ లేదు గీషూ లేదు. పోస్టర్ కలరే. పేరు మార్చి నాలుగింతల ధరకి అమ్ముతున్నారు.

బ్రాడీపేట_బ్రష్: మాస్టారూ, పోస్టర్ కలర్ దాని చవకరకం, ఒప్పుకుంటాను. కానీ రెండూ ఒకటే అంటే ఎలా? నేను పోస్టర్ రంగులతో వేసిన గులాబీ కిటికీ పక్కన రెండు ఎండాకాలాలకే తెల్లబోయింది.

డ్రాయింగ్_మాస్టారు: బెజవాడ ఎండకి మనుషులే వెలిసిపోతారు, గులాబీ ఎంత! మామూలు వాటర్ కలర్‌లో తెల్లరంగు కలపండి, మీ గ్వాష్ తయారు.

బ్రాడీపేట_బ్రష్: దాన్ని ఇంగ్లిష్‌వాళ్లు బాడీ కలర్ అంటారు. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1502లో వేసిన కుందేలు అలాంటిదే, వాటర్ కలర్ మీద బాడీ కలర్. మీరన్నది కొంత నిజమే. మాట తీరే బాగాలేదు.

డ్రాయింగ్_మాస్టారు: మాట తీరు నాకు నేర్పక్కర్లేదు బాబూ. డ్యూరర్ మన పోస్టర్ డబ్బాలు చూసుంటే మానేసేవాడా?

తెల్లపొణికి: మా తాతగారిది కొండపల్లి. బొమ్మ చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, పైన సున్నం పూసి, ఆ తర్వాతే రంగు. తెల్లటి అడుగు ఉండబట్టే రంగు అంత వెలుగుతుంది. గ్వాష్‌లో తెలుపు రంగులోనే ఉంటుంది, మాకు అడుగున ఉండేది. చిన్నప్పుడు దసరా బొమ్మని నీళ్లతో కడిగాను. ఏనుగు గులాబీ రంగులోకి తిరిగింది, నాకు వీపు విమానం మోత మోగింది.

ఏలూరుకాలువ: రాజస్థానీ, పహాడీ మినియేచర్ చిత్రాలకి మ్యూజియంలు ఒపేక్ వాటర్ కలర్ అని చీటీ పెడుతున్నాయి, అంటే గ్వాష్ లాంటిదే. కాబట్టి అది మనకేమీ కొత్త కాదు. తెలుగులో "అపారదర్శక జలవర్ణం" అనొచ్చు.

బ్రాడీపేట_బ్రష్: ఆ మాట పలికేలోపు రంగు ఎండిపోతుంది.

పటమట_పెయింటర్: అందరూ పేర్ల మీద పడ్డారు. అసలు తిప్పలు వేరు. లేత రంగు ఆరితే ముదురుతుంది, ముదురు రంగు ఆరితే లేతబడుతుంది. ఒక్క ఆకాశానికి మూడుసార్లు కలిపాను, మూడు రకాల నీలాలు వచ్చాయి. మందంగా పూస్తే పెచ్చులూడుతుంది. తడి బ్రష్ తగిలితే కింది పొర మళ్లీ లేస్తుంది. యాక్రిలిక్ గ్వాష్ అయితే ఆరాక లేవదు, కానీ బ్రష్ వెంటనే కడగాలి. మా ఆవిడ బ్రష్‌లన్నీ గట్టిపడి చీపురుపుల్లలయ్యాయి.

డ్రాయింగ్_మాస్టారు: ఫ్లెక్సీలు రాకముందు బెసెంట్ రోడ్డు బోర్డులు ఎనామిల్‌తో చేత్తో రాసేవాళ్లు. ఆ చేతులే వేరు. ఇప్పుడు పిల్లలకి గీత రాదు గానీ ట్యూబులు కావాలి.

కృష్ణలంక_అమ్మ: మాస్టారూ, మా పాపకి గీత బాగానే వచ్చు. ఫామ్ ఇవాళే ఇవ్వాలి. ఏ గడిలో టిక్ పెట్టమంటారు?

ఏలూరుకాలువ: వాటర్ కలర్ అని పెట్టేయండి, ఏ గొడవా ఉండదు.

కృష్ణలంక_అమ్మ: ఆ గడే లేదండీ!

తెల్లపొణికి: ఆ ఏనుగు ఇప్పటికీ మా అత్త దగ్గరుంది. ఫొటో పెట్టనా?