నాలుగు నెలలు ఆగిన బండి, తోస్తే కదలట్లేదు

ప్రశ్న:
నాన్నగారి 125 సీసీ బండి. ముందు డిస్కు, వెనక డ్రమ్ము. జూన్‌లో నేనే నీళ్ల సర్వీసింగ్ చేయించి, తడి ఆరకుండానే మెట్ల కింద పెట్టి బెంగళూరు వెళ్లిపోయాను. మా ఇల్లు విశాఖ ఎంవీపీ కాలనీలో, సముద్రం పక్కనే. దసరాకి వచ్చి బయటికి తీద్దామంటే ఇద్దరం తోసినా బండరాయిలా ఉంది. బ్యాటరీ పోయింది కాబట్టి న్యూట్రల్ లైటు కూడా వెలగదు. పక్కింటాయన పంపు తెచ్చి టైర్లకి గాలి కొట్టారు, అయినా అంతే. ఇంజన్ పట్టేసిందేమోనని టెన్షన్‌గా ఉంది. ట్రాలీ ఆటో పిలవాలా?

జవాబు 1:
ఆటో తర్వాత, ముందు సెంటర్ స్టాండ్ వేయండి. కిక్ రాడ్డు మామూలుగా దిగుతోందా? దిగితే ఇంజన్ పట్టెయ్యలేదు. తర్వాత న్యూట్రల్ చేసి రెండు చక్రాలూ విడివిడిగా చేత్తో తిప్పి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
కిక్ దిగుతోంది! ముందు చక్రం గరగరమంటూనే తిరుగుతోంది, డిస్కంతా ఇటుక రంగు తుప్పు. వెనకది బలమంతా పెడితే పావు చుట్టు తిరిగి ఆగిపోతోంది.

జవాబు 2:
నాకు చిన్న మెకానిక్ షాపు ఉంది. వానాకాలం పోగానే ఇలాంటివి వరసగా వస్తాయి. డిస్కు మీది తుప్పు నాలుగు బ్రేకులు కొడితే పోతుంది. మీ గొడవ వెనక డ్రమ్ములో. లోపల తడి ఉండిపోతే డ్రమ్ము తుప్పు పట్టి లైనర్లు, అంటే బ్రేకు వేసినప్పుడు డ్రమ్ముని లోపల్నుంచి ఒత్తే ముక్కలు, దానికి అతుక్కుంటాయి. ఇంకోటి, నేను ఎక్కువగా చూసేది, బ్రేక్ క్యామ్. పెడల్ తొక్కితే తిరిగి లైనర్లని విచ్చదీసేది అదే. గ్రీజు ఎండిపోతే అది తిరిగిన చోటే బిగుసుకుపోతుంది. పెడల్ మీంచి కాలు తీసినా లైనర్లు విచ్చుకునే ఉంటాయి. బ్రేక్ రాడ్డు చివర నట్టు వదులు చేసి, ఆ రాడ్డు తగిలించి ఉన్న, డ్రమ్ము మీది లివర్ని చేత్తో ఆడించండి. ఆ తర్వాత చక్రం విప్పించి, క్యామ్ తీసి ఎమరీ పేపర్‌తో రుద్ది, కాస్తంత గ్రీజు రాయించాలి. డ్రమ్ములోకి మాత్రం ఆయిల్ స్ప్రే కొట్టకండి. ఒకాయన అలాగే కొట్టి, బ్రేకు పడక మా వీధి చివర గేదెని గుద్దాడు. గేదెకి ఏం కాలేదు.

జవాబు 3:
చైన్ కూడా చూడండి. ఉప్పుగాలికి లింకులు బిగుసుకుంటాయి.

ప్రశ్న అడిగినవారు:
నట్టు వదిలినా లివర్ కదల్లేదు. సుత్తి పిడితో మెల్లగా నాలుగుసార్లు తడితే టక్కుమని వెనక్కొచ్చింది. చక్రం రెండు చుట్లు తిరిగింది! చైన్లో మూడు లింకులు వంచితే వంగట్లేదు. నట్టు మళ్లీ బిగించాను, రేపు షాపుదాకా తోసుకెళ్లి క్యామ్ విప్పిస్తా. నాన్నగారు మాత్రం “కడిగించమని నిన్నెవరు అడిగారు?” అంటున్నారు.