అప్‌డేట్: స్విచ్ లాగిన్‌లకు రేడియస్ సర్వర్ బదులివ్వకపోవడానికి కారణం దొరికింది

నెట్‌వర్క్‌లో లాగిన్ అయ్యేవారిని సరిచూసి అనుమతించే మా రేడియస్ సర్వర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాక వైఫై లాగిన్‌లు సవ్యంగా సాగుతున్నా, పాత నెట్‌వర్క్ స్విచ్‌లలోకి అడ్మిన్ లాగిన్ మాత్రం టైమ్‌అవుట్ అవుతోందని లోగడ అడిగాను. ప్యాకెట్లను పట్టి చూడమన్న సలహా ఫలించింది. సర్వర్ 1812 పోర్టుకు స్విచ్ పంపే యాక్సెస్-రిక్వెస్ట్ (లాగిన్ అభ్యర్థన) చేరుతోంది గానీ, అందులో ప్యాకెట్‌ను దారిలో ఎవరూ మార్చలేదని సరిచూసేందుకు వాడే మెసేజ్-ఆథెంటికేటర్ అనే ఆట్రిబ్యూట్ లేదు. 2024 జులైలో వెల్లడైన బ్లాస్ట్‌రేడియస్ లోపం (సర్వర్ జవాబును దారి మధ్యలో మార్చేందుకు వీలిచ్చే రేడియస్ భద్రతా లోపం) దృష్ట్యా, అది లేని ప్యాకెట్లను స్వీకరించకుండా కొత్త సర్వర్‌ను అమర్చారు. అటువంటి వాటికి సర్వర్ యాక్సెస్-రిజెక్ట్ (తిరస్కరణ జవాబు) కూడా పంపకుండా చడీచప్పుడు లేకుండా పారవేస్తుంది కనుక, స్విచ్‌కు అది నెట్‌వర్క్ సమస్యలాగే కనిపించింది. వైఫై వాడే ఈఏపీ అనే లాగిన్ పద్ధతిలో ఆ ఆట్రిబ్యూట్ ముందునుంచీ తప్పనిసరి కాబట్టి దానికి ఇబ్బంది రాలేదు. స్విచ్‌లు వాడే పాప్ (PAP) అనే సాదా పాస్‌వర్డ్ లాగిన్ పద్ధతిలో ఆ నియమం ఉండేది కాదు.

ఫర్మ్‌వేర్ మార్చగా చాలా స్విచ్‌లు దారికొచ్చాయి. తయారీదారు మద్దతు ఆగిపోయిన ఒకదానికి మాత్రం మెసేజ్-ఆథెంటికేటర్ నిబంధన సడలించి, దాని రేడియస్ ట్రాఫిక్‌ను విడి మేనేజ్‌మెంట్ వీల్యాన్‌లోకి (మిగతా ట్రాఫిక్ నుంచి వేరుచేసిన నెట్‌వర్క్ భాగంలోకి) మళ్లించాను. షేర్డ్ సీక్రెట్ (స్విచ్‌కూ సర్వర్‌కూ మాత్రమే తెలిసిన ఉమ్మడి రహస్య పదం) మార్చి చూడమన్నవారికి ఒక మాట: పొడవైన సీక్రెట్ మంచిదే, కానీ బ్లాస్ట్‌రేడియస్ దాడికి సీక్రెట్ తెలియాల్సిన పనే లేదు, దారి మధ్యలో ఉన్నవాడు రేడియస్ వాడే ఎండీ5 అనే పాత హ్యాష్ పద్ధతి బలహీనతను వాడుకొని రిజెక్ట్‌ను యాక్సెప్ట్‌గా మార్చగలడు. అందుకే ఆ పాత స్విచ్‌ను మార్పించేందుకు ఇండెంట్ పెట్టాను.