రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 నిన్న అయిపోనాది, ఆర్థర్‌కి ఆ చావు న్యాయమే అంటాను (కథంతా చెప్పీస్తాను, ఆడనోళ్ళు చదవకండి)

గునుపూర్_గుర్రం:
నిన్న రాత్రి రెండున్నరకి అయిపోనాది. ఇంట్లో అందరూ పడుకున్నారు, హెడ్‌ఫోన్ పెట్టుకుని ఏడ్చాను, దాచడానికేటుంది. 2018లో వచ్చిన గేమ్, పీసీకి 2019లో వచ్చింది, నాకిన్నాళ్ళు ఎందుకు పట్టిందంటే 150 జీబీ ఖాళీ కావాలి, మా ఇంటి నెట్‌తో దించితే ముసలోడినైపోతాను, విశాఖలో బావ దగ్గర దించుకుని హార్డ్‌డిస్క్‌లో పట్టుకొచ్చాను.

నా మాట ఏటంటే, ఆర్థర్ మోర్గాన్ ఎవడు? గేమ్ హీరో, 1899 అమెరికాలో దోపిడీ ముఠా మనిషి. ఆ ముఠాలో స్ట్రాస్ అని ఒకడు వడ్డీకి అప్పులిస్తాడు, ఇతనెళ్ళి కొట్టి వసూలు చేసుకొస్తాడు. థామస్ డౌన్స్ అని ఒక జబ్బు మనిషి, పెళ్ళాం కొడుకు చూస్తుండగా కంచె దగ్గర అతన్ని కొడతాడు, అతను దగ్గితే నెత్తురు ఇతని మొహం మీద పడతాది. అదే క్షయ. అది జరిగింది రెండో చాప్టర్‌లో, ఆ తర్వాత మనం జింకల్ని వేటాడుకుని చేపలు పట్టుకుని ఆ సంగతే మర్చిపోతాం, ఎప్పటికో సెయింట్ డెనిస్‌లో నడిరోడ్డు మీద కూలబడితే డాక్టర్ చెప్తాడు. డౌన్స్ ఉసురు తగిలింది. చేసుకున్నోడికి చేసుకున్నంత. ఇంత నిక్కచ్చిగా లెక్క తేల్చిన కథ నేనే గేమ్‌లోనూ చూళ్ళేదు.

పోయిన నెల లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 అయ్యింది. దీని ముందు అది దండగ. మొదటి పార్ట్ హీరో జోయెల్‌ని గోల్ఫ్ కర్రతో చంపిన అబ్బీని సగం గేమ్ నా చేతే ఆడించారు, సియాటెల్‌లో అవే మూడు రోజులు మళ్ళీ మొదట్నుంచి. జోయెల్ కూతురిలా చూసుకున్న ఎల్లీ పగ తీర్చుకోడానికి బయల్దేరి, ఆఖరికి ఆమెని వదిలీసింది. వదిలీడానికా ఇన్ని గంటలు తిప్పింది?

తెరుబలి_ట్రైన్:
అన్నా పార్ట్ 2ని ఏమీ అనకు. అంతే.

పాత_పీసీ:
న్యాయం అనే మాట వాడావు కాబట్టి అడుగుతున్నాను. డౌన్స్‌ని కొట్టకుండా గేమ్ ముందుకెళ్తాదా? వెళ్ళదు. నేను ప్రయత్నించాను. కొట్టకూడదని గుర్రం తిప్పుకుని వెళ్ళిపోయాను, ఆటలో మూడు రోజులు డేరా వేసుకుని కుందేళ్ళు కాల్చుకు తిన్నాను, మ్యాప్‌లో ఆ గుర్తు అలాగే ఉంటాది, వేరే దారి లేదు. బటన్ నా చేత నొక్కించింది వాళ్ళు, తర్వాత నువ్వు కొట్టావు కదా చావు అన్నది వాళ్ళు. ఇదేటి న్యాయం? మన కాలేజీలో సీనియర్లు సిగరెట్ చేతిలో పెట్టి ఫొటో తీసి ప్రిన్సిపాల్‌కి చూపించినట్టుంది.

గునుపూర్_గుర్రం:
నువ్వు కొట్టలేదన్నా, ఆర్థర్ కొట్టాడు. అతను 20 ఏళ్ళ బట్టీ ఆ ముఠాలో ఉన్నాడు, డౌన్స్ మొదటివాడేం కాదు. నీకు దారి ఇచ్చారు కదా, ఆనర్ అని మన మంచి చెడ్డల లెక్క ఉంది కదా. మంచిగా ఆడి ముఠాలో తమ్ముడిలాంటి జాన్‌కి సాయం చేస్తే కొండ మీద సూర్యోదయం చూస్తూ ప్రశాంతంగా పోతాడు, చెడ్డగా ఆడితే ముఠాలో ద్రోహి మైకా కాల్చి చంపుతాడు. ఎలా పోవాలన్నది నీ చేతిలోనే పెట్టారు.

పాత_పీసీ:
ఎలా పోవాలన్నదే నా చేతిలో, పోవడం కాదు. అదే అంటున్నాను. ఆ పార్ట్ 2ని తిట్టావు గానీ అక్కడ కనీసం దాచలేదు. ఎల్లీ, అబ్బీ స్నేహితురాలు నోరాని ఆసుపత్రి కింద పైపుతో కొట్టేటప్పుడు కూడా బటన్ నన్నే నొక్కమంటాది, నాకు చెయ్యి రాలేదు, నొక్కకపోతే కదలదు, నొక్కాను, కడుపులో తిప్పింది. కానీ ఆ తర్వాత ఎల్లీకి రోగం తగిలించలేదు. ఆమె చేతులు వణికాయి అంతే.

బరంపురం_భాయ్:
ఆఖర్న వేళ్ళు రెండు పోయాయి కదా, గిటార్ వాయించలేదు. అది శిక్ష కాదేటి?

పాత_పీసీ:
అది అబ్బీ కొరికితే పోయాయి. కొట్లాటలో దెబ్బ తగలడం వేరు, రోగం రావడం వేరు.

తెరుబలి_ట్రైన్:
నాకో డౌట్. జోయెల్ ఫస్ట్ పార్ట్‌లో, ఎల్లీని కోసి రోగానికి మందు చేద్దామన్న డాక్టర్‌ని చంపాడు కదా, ఆ డాక్టర్ చేతిలో కత్తి ఉంది. మరి అది ఆత్మరక్షణ అవ్వదా? నేను నర్సుల్ని వదిలీశాను, డాక్టర్‌ని వదిలితే గేమ్ ముందుకెళ్ళలేదు. ఆ డాక్టర్ కూతురే అబ్బీ. కత్తి లేకపోతే జోయెల్ చంపేవాడా?

గునుపూర్_గుర్రం:
తమ్ముడూ టాపిక్ అది కాదు.

తెరుబలి_ట్రైన్:
నాకు అదే టాపిక్ అన్నా. కత్తి ఉంది. ఎల్లీని కోస్తే ఎల్లీ చచ్చిపోతాది, ఆమెని అడగనైనా అడగలేదు.

ఎక్స్‌రే_అక్క:
నేను గేమ్ మొత్తం ఆడలేదు, మా తమ్ముడు ఆడుతుంటే వంట చేసుకుంటూ చూశాను. పని చేసేది ల్యాబ్‌లో కాబట్టి ఒక్క ముక్క. నెత్తురు మొహం మీద పడితే టీబీ రాదు, గాలిలో తేలే సన్న తుంపరలు ఊపిరితో లోపలికి పోతే వస్తాది. ఎక్కువగా ఒకే గదిలో రోజుల తరబడి కలిసి ఉన్నవాళ్ళకి అంటుతాది, ఆరుబయట ఒక్క దగ్గుతో రావడం అరుదే, అసలు రాదని మాత్రం చెప్పలేం. ఇంకోటి, క్రిమి లోపలికి పోయిన వందమందిలో జీవితం మొత్తం మీద జబ్బు పడేది ఐదు నుంచి పదిమంది. మిగతావాళ్ళకి తెలియను కూడా తెలియదు. కొన్ని నెలల్లోనే అంతగా ముదరడం కథ కోసం పెట్టుకున్నట్టుంది, అలా వేగంగా ముదిరే రకం లేకపోలేదు గానీ.

గునుపూర్_గుర్రం:
అక్కా గేమ్‌ని ల్యాబ్‌లో పెడితే ఏదీ నిలవదు. గుర్రం మీంచి వందసార్లు పడి లేస్తాడు, అదీ అబద్ధమే మరి.

పాత_పీసీ:
లేదు లేదు, అక్క చెప్పింది అసలు పాయింటు. ఒక్క దగ్గుతో రావడం అరుదు. అంటే ఆర్థర్‌కి డౌన్స్ వల్ల వచ్చిందని గ్యారంటీ ఏటి? ముఠాలో అంతమంది ఒకే డేరాల్లో పడుకుంటారు, రైళ్ళెక్కుతారు, సెలూన్లలో కూర్చుంటారు, 1899లో అమెరికాలో ఇంటికొకళ్ళు దగ్గేవారు. ఎవరి దగ్గర అంటిందో.

గునుపూర్_గుర్రం:
కథ రాసినోళ్ళు డౌన్స్ వల్లే అని చూపించారు. క్లోజప్‌లో చూపించారు. నెత్తురు పడ్డ మొహం చూపించారు. ఇంకేటి గ్యారంటీ కావాలి, స్టాంపు పేపర్ మీద రాసివ్వాలా?

పాత_పీసీ:
చూపించారు, అదే తప్పంటున్నాను.

పర్లాకిమిడి_పిల్ల:
మీ గొడవ మధ్యలో దూరుతున్నందుకు సారీ, అందరూ వెన్బా ఆడండి. 2023లో వచ్చింది, గంటన్నరలో అయిపోతాది, తుపాకులు లేవు. కెనడా వెళ్ళిన తమిళ అమ్మ, చిరిగిపోయిన వంటల పుస్తకం చూసి ఇడ్లీ పెడతాది, కొడుకు పెరిగేకొద్దీ తమిళానికి దూరమైపోతాడు. మా ఇంట్లో నేను తెలుగు చదవడం అమ్మ దగ్గర నేర్చుకున్నాను, మా తమ్ముడు మొత్తం ఒడియా మీడియం, తెలుగు మాటాడతాడు గానీ షాపు బోర్డు చదవలేడు. ఆ గేమ్ అయ్యాక నేను వాడికి ఫోన్ చేశాను, ఏం మాటాడాలో తెలీక బిల్లు కట్టావా అని అడిగి పెట్టీశాను.

బరంపురం_భాయ్:
పీసీలో వెన్బా సైజెంత? నా దగ్గర గ్రాఫిక్స్ కార్డ్ లేదు.

గునుపూర్_గుర్రం:
@పాత_పీసీ అన్నా కోపం తెచ్చుకోకు, ఒకటి అంటాను. నువ్వు ఇంతకుముందోసారి ఇక్కడే అన్నావు, నీకు ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఆ స్పీడ్‌లో అందవని, బొమ్మ చూసి అర్థం చేసుకుంటానని. ఈ కథ బొమ్మలో లేదు, మాటల్లో ఉంది. డౌన్స్ పెళ్ళాం తర్వాత ఎలా బతకాల్సొచ్చిందో, ఆర్థర్ వెళ్ళి డబ్బులిస్తే ఆమె ఏమందో, రైల్వే స్టేషన్‌లో సిస్టర్ (చర్చి సన్యాసిని) దగ్గర ఆర్థర్ భయంగా ఉందని ఎలా ఒప్పుకున్నాడో ఇవన్నీ చదివితేనే అతని పాపం బరువు తెలుస్తాది. చదవకుండా ఆడితే ఇలాగే మిషన్ తప్పించుకోలేకపోయాను అనిపిస్తాది.

పాత_పీసీ:
ఓహో.

తెరుబలి_ట్రైన్:
అన్నా అది అనకుండా ఉండాల్సింది

పాత_పీసీ:
సరే. నేను రాయగడలో ఒడియా మీడియం చదివాను, ఆ గేమ్‌లో హిందీ సబ్‌టైటిల్ కూడా లేదు, ఒక్కో సీన్ ఆపుకుని ఫోన్‌లో మాట వెతుక్కుని ఆడాను, నీకు 70 గంటలు పట్టుంటే నాకు 110 పట్టింది. సిస్టర్ సీన్ నాలుగుసార్లు చూశాను. కాబట్టి ఆ భయం సంగతి నాకు చెప్పకు.

నీ మొదటి పోస్టులో ఉసురు తగిలింది అని రాశావు. ఆ మాట చదివాకే నేను ఈ థ్రెడ్‌లోకొచ్చాను, మిషన్ సంగతీ దగ్గు సంగతీ అన్నీ తర్వాత పట్టుకున్నవి. మా చిన్నాన్నకి టీబీ వచ్చింది. లారీ నడిపేవాడు, ఆయన జన్మలో ఎవర్నీ చెయ్యెత్తి కొట్టలేదు, తాగడు, బీడీ కూడా లేదు. ఆరు నెలలు మందు మింగాడు, ప్రభుత్వం ఫ్రీగానే ఇస్తాది, మాత్రలకి కష్టం కాలేదు. కష్టం ఎక్కడంటే మా మేనత్తే పెరట్లో నిలబడి అంది, ఎవరి ఉసురు పోసుకున్నాడో అని. వీధిలో అంతా అదే. ఏ ఊరెళ్ళాడో, ఏ ఆడదాని దగ్గరకెళ్ళాడో, ఎవర్ని గుద్ది చెప్పకుండా వచ్చీశాడో. ఆయన కంచం విడిగా పెట్టారు, మందు మొదలెట్టిన కొన్ని వారాలకే అంటించడం బాగా తగ్గిపోతాదని నర్సు చెప్పినా సరే విడిగానే. చెల్లికి ఖాయమైన సంబంధం ఆగిపోనాది. ఆయనే ఒకరోజు నన్ను అడిగాడు, ఒరే నేను ఎవరికైనా తెలియకుండా అన్యాయం చేశానేటిరా అని. గుర్తు చేసుకోడానికి కూర్చున్నాడు. 25 ఏళ్ళు బండి నడిపిన మనిషి ఏ రాత్రి ఏ కుక్కని గుద్దాడో లెక్కపెట్టుకున్నాడు.

కాబట్టి గేమ్ ఎంత గొప్పదైనా, పాపం చేశాడు రోగం వచ్చింది అనే చోట నాకు పడదు. 1882లోనే కోచ్ అనే జర్మన్ డాక్టర్ ఆ క్రిమిని చూపించాడు, గేమ్‌లో ఏడాది 1899. ఆ డాక్టర్‌కైనా తెలిసుండాలి అది క్రిమి అని.

ఎక్స్‌రే_అక్క:
మా ల్యాబ్‌కొచ్చే సగం మంది రిపోర్ట్ చేతికివ్వగానే అడిగేది అదే, ఎందుకొచ్చింది మేడం నాకు అని. మందెన్నాళ్ళు అని తర్వాత అడుగుతారు.

బరంపురం_భాయ్:
🙏

గునుపూర్_గుర్రం:
అన్నా సబ్‌టైటిల్ మాట తప్పు. అది వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ మిగతాది తీసుకోను, ఎందుకో చెప్తాను, ఎవరికీ చెప్పలేదు. మా నాన్నకి గునుపూర్‌లో చిన్న టిఫిన్ బండి ఉండేది. నూటికి ఐదు చొప్పున ఇరవై వేలు తీసుకున్నాడు, పేరెందుకులే, వసూలుకి ఒకడు బైక్ మీద వచ్చేవాడు. నేను ఎనిమిదో క్లాస్. నాన్నకి జ్వరం, వారం బండి పెట్టలేదు, వాడొచ్చి స్టవ్వూ సిలిండరూ ఇడ్లీ పాత్రా ఆటోలో ఎక్కించాడు, నాన్న అడ్డం వస్తే కాలర్ పట్టుకుని గోడకి నెట్టాడు. నేనూ అమ్మా గుమ్మంలో నిలబడ్డాం. డౌన్స్ కొడుకు ఆర్చీ ఆ గుమ్మంలోంచి ఎలా వచ్చాడో అలాగే. ఆ సీన్‌లో నువ్వు బటన్ నొక్కనని గుర్రం తిప్పుకున్నావు, నేను కంచె అవతల వాళ్ళని చూస్తూ ఉండిపోయాను. ఆర్థర్‌ని నేను ఒక్కసారి కూడా నేను అనుకోలేదు.

వాడికి ఏమీ అవలేదు. మొన్న సంక్రాంతికి బస్టాండ్ దగ్గర కనిపించాడు, పొట్ట పెరిగింది, బుల్లెట్ బండి. నన్ను గుర్తుపట్టి బాగున్నావేటి అన్నాడు. బాగున్నానన్నాను.

తెరుబలి_ట్రైన్:
..

పర్లాకిమిడి_పిల్ల:
నాన్నగారు ఇప్పుడు?

గునుపూర్_గుర్రం:
బాగున్నారండి. బండి లేదు, హాస్టల్లో వంట చేస్తారు.

పాత_పీసీ:
నాకు నీ డౌన్స్ కుటుంబం తట్టలేదు, ఒప్పుకుంటాను. స్ట్రాస్‌ని ఆర్థర్ గెంటీసినప్పుడు నాకు ఊరికే బాగుంది అనిపించింది అంతే. నీకు ఎలాగుండుంటాదో. అయినా ఆ వసూలోడికి వస్తే బుల్లెట్ కిందపడి కాలు విరగాలి, పోలీస్ కేసవ్వాలి. టీబీ రావాలని మాత్రం అనను, అది వస్తే వాడి పిల్లల కంచాలు కూడా విడిగా పెడతారు.

గునుపూర్_గుర్రం:
నేను అంటాను. సారీ అన్నా, నేను అంటాను.

పాత_పీసీ:
సరే, అనుకో.

చిన్నాన్న ఇప్పుడు మళ్ళీ బండెక్కుతున్నాడు, రాయగడ నుంచి విశాఖ. ఇంటికొచ్చినప్పుడు నా వెనక మంచం మీద కూర్చుని గేమ్ చూసేవాడు, గుర్రం బాగుంది అనేవాడు. ఆర్థర్ దగ్గడం మొదలయ్యాక ఒకరోజు అడిగాడు, ఆ మనిషికి మాత్రలివ్వరేటిరా అని. అప్పటికి మందు లేదు చిన్నాన్నా అన్నాను. నేను తర్వాత చూశాను, టీబీ మందు స్ట్రెప్టోమైసిన్ దొరికింది 1943లో. ఆయన కాసేపు చూసి, మరెందుకు గుర్రం మీద తిప్పుతున్నావు, పడుకోబెట్టు అన్నాడు. డేరాలో పడుకోబెట్టాను. ఆ రాత్రి మిషన్ ఆడలేదు.

బరంపురం_భాయ్:
ఎపిలోగ్ (కథ అయ్యాక వచ్చే ఆఖరి భాగం) ఎలా ఉంది, ఆడొచ్చా? ఆర్థర్ పోయాక నాకు మూడ్ లేదు.

పాత_పీసీ:
నేను ఆడలేదు. సూర్యోదయం దగ్గరే ఆపీశాను. తర్వాత నెలకి హార్డ్‌డిస్క్ పోనాది, సేవ్ కూడా పోనాది.

గునుపూర్_గుర్రం:
ఆడాలన్నా. 1907కి వెళ్తాది, పెళ్ళాం కొడుకు వదిలెళ్ళిపోతే జాన్ వాళ్ళని వెనక్కి తెచ్చుకోడానికి పొలం కొనుక్కుంటాడు, సుత్తి పట్టుకుని ఇల్లు కట్టేది మనమే. నా సేవ్ ఫైల్ ఇస్తాను, శనివారం రాయగడ వస్తున్నాను, పెన్‌డ్రైవ్‌లో పట్టుకొస్తాను.

పాత_పీసీ:
పొలం కొనడానికి వాడి దగ్గర డబ్బెక్కడిది?

గునుపూర్_గుర్రం:
బ్యాంక్ లోను.

పాత_పీసీ:
మళ్ళీ అప్పా ఓరి నాయనా

తెరుబలి_ట్రైన్:
సరే ఇదయ్యింది కదా, ఇప్పుడు ఎవరైనా చెప్పండి, డాక్టర్ చేతిలో కత్తి ఉందా లేదా?